ఎర్రచీటీ చూసిన మనిషి

సైటులో అందరూ ఆమెను చెకింగ్ అక్క అనేవాళ్లు. బరువులెత్తే గొలుసులను పరీక్షించడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే చేస్తోంది. కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, ఒక్కో లింకునూ వేలితో తడిమి, కొలిచి, బాగుంటే సంతకం పెట్టేది. లేదంటే ఎర్రచీటీ కట్టేది. చీటీ పడిన గొలుసును ఎవరూ ముట్టుకోకూడదు.

భర్త అక్కడే క్రేన్ ఆపరేటర్. "మీ ఆవిడ ఇంట్లో నీక్కూడా చీటీ కడుతుందా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే నవ్వేసేవాడు గానీ, ఆ ఉక్రోషమంతా ఇంటికొచ్చి ఆమె మీద తీర్చుకునేవాడు.

ఒక సోమవారం పెద్ద గొలుసులో ఒక లింకు సాగి కనిపించింది. పక్కనే వెంట్రుకంత పగులు. చీటీ కట్టి, రిజిస్టరులో రాసి, భర్తను పిలిచి మరీ చూపించింది.

"దీన్ని తగిలించొద్దు. నీకే చెబుతున్నా."

"సర్లే, చూశాగా" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె అక్కడ లేనప్పుడు సూపర్‌వైజర్ వచ్చాడు. సాయంత్రానికల్లా స్లాబులన్నీ పైకెక్కాలి, వేరే గొలుసు లేదు. చీటీ పీకేసి, "నాలుగు సార్లెత్తితే ఏం కాదు, కానియ్" అన్నాడు. భర్త కేబిన్ ఎక్కి క్రేన్ నడిపాడు. మూడో స్లాబు గాల్లో ఉండగా గొలుసు తెగింది. కింద కొక్కేలు తగిలించే పొట్టిబాబాయ్ అక్కడికక్కడే పోయాడు. వరసకు ఆయన ఆమెకేమీ కాడు. కానీ పనిలో చేరిన కొత్తలో, చెయ్యి నలగకుండా గొలుసు ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే.

విచారణ నాటికి రిజిస్టరులో ఆ పేజీ లేదు. సూపర్‌వైజర్ తనకేమీ తెలియదన్నాడు. అధికారి ఆమె భర్తను అడిగాడు.

"గొలుసుకు చీటీ ఉందా?"

"నేను చూళ్లేదండి."

ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. అతను తలెత్తలేదు.

నేరం ఆమె నెత్తిన పడింది, ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చాక అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇద్దరి పనీ పోతే పిల్లల గతేంటే? ఒకరిదైనా నిలబెట్టుకోవాలిగా."

"బాబాయ్ భార్య నన్ను చూసి తలుపేసుకుంది. అది కూడా నువ్వు నిలబెట్టుకున్నదేనా?" అంది.

పిల్లలు చిన్నవాళ్లు. ఆమె ఎక్కడికీ పోలేదు. ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరింది. పైఆఫీసుకు మూడు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

మొన్న భోజనాల దగ్గర అతను మాటల్లో అన్నాడు, కొత్తగా వచ్చిన చెకింగ్ మనిషి ఇంతవరకు ఒక్క గొలుసునూ పక్కన పెట్టలేదని, పని చకచకా సాగిపోతోందని.

"మరి నీకు భయం లేదా?" అని అడిగింది.

"నాకేం భయం? నేనుండేది పైన కేబిన్లో కదే" అన్నాడు.

ఆమె కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.