గోడకవతల మా తోడికోడలు

మా వీధి పోరాట సంఘం వాళ్ళు చిన్న పుస్తకం ఒకటి వేస్తున్నారట. పోరాటంలో ముందు నిలబడిన వాళ్ళ గురించి తలా రెండు పేజీలు. మా తోడికోడలి గురించి రాసే పని నాకు అప్పగించారు. నేను బైండింగ్ షాపులో పుస్తకాలు కుడతాను కాబట్టి రాయడం కూడా వచ్చనుకున్నారు కాబోలు. మరి నా గురించి ఎవరు రాస్తున్నారని అడిగితే, సంఘం కార్యదర్శి, మందుల షాపాయన, "మీది కూడా అందులోనే వచ్చేస్తుంది కదండీ" అన్నాడు. అందులోనే అంటే ఆవిడ రెండు పేజీల్లోనే అన్నమాట. సరే కానివ్వండి అన్నాను. నా చేతికి కలం ఇచ్చింది వాళ్ళే. తర్వాత నన్నని లాభం లేదు.

మా మామగారిది నాలుగు గదుల పొడుగాటి ఇల్లు. ముందు రెండు గదులు వీధి వైపు, వెనక రెండు గదులు సందు వైపు. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ మధ్యలో గోడ కట్టించి, కాగితాలు రాయించుకుని పంచుకున్నారు. పెద్దవాడు కదా అని ముందు కోరుకునే అవకాశం మా బావగారికి ఇచ్చారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. "ముందు భాగం" అని పలికింది ఆయనే అయినా, ఆ మాట మా తోడికోడలిది. అప్పటికి నేను కాపురానికొచ్చి నాలుగు నెలలు. తల వంచుకుని అందరికీ కాఫీలు అందించాను.

అలా అక్కకి, మా తోడికోడల్ని నేనలాగే పిలుస్తాను, వీధి వైపు పెద్ద కిటికీ దక్కింది. నాకు సందూ, మురిక్కాలవా దక్కాయి. ఆవిడ ఆ కిటికీ కింద కుట్టుమిషన్ వేసుకుంది. బడిపిల్లల యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు, ఏది తెచ్చిచ్చినా కుడుతుంది. ఉదయం తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా లైటు వెయ్యక్కర్లేదు. దారిన పోయే ప్రతివాళ్ళూ అక్కడ ఆగి ఓ మాట మాట్లాడి పోతారు. నేను ఇంట్లో బియ్యం ఏరుకోవాలన్నా మిట్టమధ్యాహ్నం లైటు వేసుకోవాలి. ఇరవై రెండేళ్ళు ఆ కిటికీని చూసి కుళ్ళుకున్నాను. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అలాగని ఆవిడేం తక్కువ తినలేదు. నేను సోఫా కొంటే నెల తిరక్కుండా ఆవిడింట్లో సోఫా వచ్చింది, దానికి పూల కవర్లు కూడా. మా అమ్మాయికి పరీక్షలో మంచి మార్కులు వస్తే, వాళ్ళబ్బాయి అదే వారం ట్యూషన్‌లో చేరాడు, పాపం ఆటలు మానేసి. నా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, గిన్నె ఇచ్చిపోయే నెపంతో వచ్చి ఓసారి చూసి పోయేది. బాగుందని ఏనాడూ అనలేదు. "ఎన్నాళ్ళు మన్నుతుందో" అనేది.

కానీ పని విషయంలో మాత్రం వంక పెట్టలేం. కొలిచేటప్పుడు ప్రతి కొలతకీ రెండు పక్కలా కుట్టు కోసం అర అంగుళం చొప్పున కలిపి రాసుకుంటుంది. చెయ్యి దానంతటదే కలిపేస్తుంది, ఆలోచించదు. అదిగాక పిల్లలు ఎదుగుతారని అంచు మడతలో రెండంగుళాలు దాచి కుడుతుంది. ఏడాది తిరిగాక తల్లులు ఆ మడత విప్పుకుని ఆవిడని తలుచుకుంటారు. నన్ను అలా తలుచుకునేవాళ్ళు ఎవరూ లేరు. బైండు చేసిన పుస్తకం విడిపోతేనే జనానికి బైండరు గుర్తొస్తాడు.

ఆరేళ్ళ కిందట మా సందు వెనక మూతపడ్డ మిల్లు స్థలాన్ని ఒక కంపెనీ కొంది. పన్నెండేసి అంతస్తుల భవనాలు మూడు కడతామన్నారు. వాటికి రోడ్డు మా సందులోంచే పోవాలట. సర్వేవాళ్ళు వచ్చి ఎర్రరంగుతో గీతలు గీసి పోయారు. సందు పొడుగునా పోయేవి చాలావరకు ప్రహరీ గోడలూ, షెడ్లూ. కాపురం ఉంటున్న ఇల్లంటూ పోయేది మా వెనక భాగం ఒక్కటే. కాగితాల్లో రెండిళ్ళూ వేరు కాబట్టి ఆ ఎర్రగీత సరిగ్గా మా మధ్యగోడ దగ్గర ఆగింది. పోయిన ఇంటికి బదులు మాకు మొదటి భవనంలో ఆరో అంతస్తులో ఇల్లిస్తారు. రెండు పడగ్గదులు, బాల్కనీ, లిఫ్టు. గోడకవతల వాళ్ళకి మాత్రం ఐదేళ్ళ దుమ్ము.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. ఈసారి చేతిలో గిన్నె కూడా లేదు. గోడ మీద ఎర్రరంగుని వేలితో తాకి, వేలు చూసుకుంది.

"ఈ గోడ పడగొడితే మా ఇంటికి వెనక ఆధారం ఏం ఉంటుంది?" అంది.

కంపెనీ వాళ్ళే కొత్త గోడ కట్టిస్తామన్నారని మా ఆయన చెప్పాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, ఉన్నది ఉన్నట్టు చెప్పేసే రకం. ఆవిడ మొహం మాడిపోయింది. నాకు ఇరవై రెండేళ్ళ ఆకలి ఒక్కసారిగా తీరినట్టయింది. కాఫీ తాగి వెళ్ళమని రెండుసార్లు బతిమాలాను. ఆరో అంతస్తులో గాలి ఎలా ఉంటుందో ఏమో అని కూడా అన్నాను. అనకుండా ఎలా ఉంటాను మరి.

మూడో రోజున ఆవిడ సంఘంలో చేరింది.

అప్పటికి సంఘమంటే మందుల షాపాయన, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకో నలుగురు. ఉన్న నీళ్ళే కింది కొళాయికి అందడం లేదు, ఇంకో మూడొందల కాపురాలు వస్తే ఎలాగ, కార్లు తిరిగితే పిల్లలు బడికి ఎలా నడుస్తారు, అద్దెలు పెరిగితే చిన్న షాపుల గతేమిటి అని వాళ్ళ గోల. న్యాయమైన గోలే. అక్క ఆ మాటలన్నీ వాళ్ళకంటే బాగా చెప్పేది. కిటికీ దగ్గర ఆగిన ప్రతివాళ్ళ చేతా సంతకం పెట్టించింది. ప్రింటు వేయించిన బ్యానర్లు గాలికి చిరిగిపోతున్నాయని, యూనిఫారాల ముక్కల్లోంచి అక్షరాలు కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టింది. నీలం, ఖాకీ, బూడిద రంగు అక్షరాలు. "ఒక్క ఇల్లూ పోకూడదు." ఎంత గాలి వీచినా ఒక్క దారం ఊడలేదు.

ఆ బ్యానరు పట్టుకుని ఆవిడ నిలబడ్డ ఫొటో పేపర్లో పడింది. ఇక చూడండి. మందుల షాపులో ఫ్యాను కింద కుర్చీ ఆవిడది. కూరలబండివాడు ముందు ఆవిడకి తూచి తర్వాత మాకు తూచేవాడు. వీధి వీధంతా ఆవిడకి చెల్లెళ్ళూ తమ్ముళ్ళే. ఒక రోజు మా బైండింగ్ షాపుకి వచ్చిన మనిషి నన్ను తేరిపారజూసి, "మీరు ఆవిడ తోడికోడలు కదూ" అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ షాపులో కూర్చుంటున్నాను. నేను ఫలానా అని ఒక్కడూ గుర్తుపట్టలేదు. ఇప్పుడు గుర్తుపట్టినా ఇలాగ. ఆరో అంతస్తు ఇల్లు చేతికి రాబోతున్నదాన్ని, అయినా కడుపు భగ్గుమంది. ఇల్లు నాకొచ్చింది, మనుషులు ఆవిడకి పోయారు.

సంఘం ఇంకో ప్లాను తయారుచేసింది. రోడ్డు సందుకి అవతలి వైపు జరిపితే ఎవరి ఇల్లూ పోదు, అటంతా మిల్లు ఖాళీ స్థలమే అని. ఖాళీ కాదు నిజానికి. మిల్లు కాపలావాడి కూతురు అటువైపు తండ్రి వదిలిపోయిన ఒంటిగదిలో ఉంటుంది. మా వీధికంతటికీ ఇస్త్రీ ఆవిడే చేస్తుంది. ఒక్క ఇల్లూ పోకూడదన్న వాళ్ళకి ఆ గది ఇల్లులా కనబడలేదు. నాకూ కనబడలేదు. ఇస్త్రీ ఆవిడ మాత్రం, బ్యానరు తెచ్చిస్తే ముడతలు పోయేలా ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చింది.

ఆ ప్లానుకి కొలతలన్నీ అక్కే తీసింది, తన టేపుతో. వీధిలో నలభై ఇళ్ళు. రెండు రోజులు ఎండలో వంగి వంగి కొలిచింది.

అధికారులు బడి హాల్లో విచారణ పెట్టారు. ఉదయం పదికే హాలు నిండిపోయింది. అక్కా నేనూ నాలుగో వరసలో కూర్చున్నాం. నా సంచీలో అంగీకార పత్రం ఉంది. మా వాటా మా ఆయన ఎప్పుడో నా పేర పెట్టాడు కాబట్టి, విచారణ అయ్యాక నేనే సంతకం పెట్టి ఇచ్చెయ్యాలి. సర్వే అధికారిణి కళ్ళజోడు సవరించుకుని సంఘం ప్లాను చూసింది, తన ప్లాను చూసింది, మళ్ళీ ఇది చూసింది. మీ ప్లానులో వీధి అసలు కంటే మూడడుగుల నాలుగంగుళాలు ఎక్కువుంది, ఎలా పెరిగింది అని అడిగింది. లెక్కల మాస్టారు తలగోక్కున్నాడు. నాకు వెంటనే తెలిసిపోయింది. ప్రతి ఇంటికీ రెండు పక్కలా అర అంగుళం చొప్పున, నలభై ఇళ్ళకీ కుట్టు వదిలింది మా మహాతల్లి. రెండో పక్కవాళ్ళకి చెప్పాను. అది క్షణంలో హాలంతా పాకి అందరూ నవ్వారు. నా కడుపు చల్లబడింది.

అధికారిణి నవ్వలేదు. అక్కని నిలబడమని, మీ ఇల్లు పోతోందా అని అడిగింది. లేదంది అక్క. స్థలమేమైనా పోతోందా? లేదు. షాపు? లేదు.

"మరి మీకు పోయేదేమిటమ్మా?"

అక్క చీర కొంగు సర్దుకుంది. అబద్ధం ఏదైనా చెబుతుందనుకున్నాను.

"నాకేమీ పోవడం లేదు. అదే నా బాధ" అంది.

హాల్లో ఎవరో నవ్వారు. ఆ వెనకే ఎవరో చప్పట్లు కొట్టారు. మందుల షాపాయన లేచి, ఇంత నిజాయితీగా మాట్లాడే మనిషి ఈ హాల్లో ఇంకొకరున్నారా అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ఓర్వలేనితనాన్ని నలుగురిలో ఒప్పుకుని కూడా చప్పట్లు కొట్టించుకుంది. ఈవిడ ఏం చేసినా చెల్లుతుందే, అనుకున్నాను. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అధికారిణి బల్ల మీద కలంతో తట్టి, భవనాలు ఆగవని చెప్పింది. రోడ్డు మాట వేరు. ఇల్లు పోయే యజమాని అభ్యంతరం చెబితేనే రోడ్డు జరిపే సంగతి చూడాలి, మిగతావాళ్ళ మాట చెల్లదు. అలాంటి యజమాని ఎవరైనా ఉన్నారా అంది.

రెండొందల తలలు నా వైపు తిరిగాయి. నా వైపే. అక్క కూడా మెడ తిప్పి చూసింది, నేనెవరో అప్పుడే తెలిసినట్టు. జీవితంలో అంతమంది నన్ను ఒకేసారి చూడడం అదే మొదలు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇవాళ్టికీ సరిగ్గా చెప్పలేను. చెప్పగలను, చెప్పడానికి బాగుండదు. ఆ చప్పట్లు ఆవిడ దగ్గర వదిలేసి ఇంటికి పోలేకపోయాను.

"పోయే ఇల్లు నాది. నేనొప్పుకోను" అన్నాను.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. లెక్కల మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. మందుల షాపాయన నా చేతులు పట్టుకున్నాడు. అక్క ఒక్కతే కూర్చుండిపోయింది. ఆవిడ మొహంలో సంతోషం లేదు. కోరుకున్నది దొరికింది, కానీ చప్పట్లు గోడ దాటి నా ఇంటికొచ్చేశాయి.

మర్నాడు పేపర్లో నా ఫొటో. ఆరో అంతస్తు వద్దని, ఉన్న గూడే చాలన్న ఇల్లాలు అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఫొటోలో అక్క భుజం మాత్రం పడింది. మూడో రోజు మా ఆయన అన్నం తింటూ, "ఎందుకలా అన్నావు?" అని అడిగాడు. మజ్జిగ పోసుకోమన్నాను. మా అమ్మాయి తన గది ఎలా సర్దుకోవాలో గీసుకున్న కాగితం బల్ల మీద నుంచి తీసేసింది. అది చూసినప్పుడు మాత్రం నామీద నాకే అసహ్యం వేసింది. కానీ ఆ వారమంతా కూరలబండివాడు నాకే ముందు తూచాడు.

రోడ్డు అవతలికి జరిగింది. భవనాలు మూడూ లేచాయి. నీళ్ళు ఇప్పుడు వారానికి మూడు రోజులే. సంఘం వాళ్ళు దీన్నే విజయమంటున్నారు, పుస్తకం కూడా అందుకే.

పోయిన ఆదివారం ఇస్త్రీ ఆవిడ మా ఇద్దరిళ్ళకీ వచ్చింది. ఒంటిగది పోయినందుకు ఆవిడకి ఆరో అంతస్తులో ఇల్లిచ్చారు. మాకు ఇస్తామన్నదే. "మీ ఇద్దరి దయవల్లే అక్కా, మీరు చూసి వెళ్ళకపోతే నాకు తృప్తి ఉండదు" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును.

వెళ్ళాం. లిఫ్టులో ఇద్దరం తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. ఇస్త్రీ ఆవిడ ఒక్కో గదీ చూపించింది. ఇది పడగ్గది, ఇది ఇంకో పడగ్గది, ఇక్కణ్ణుంచి గాలి బాగా వస్తుంది, బట్టలు అరగంటలో ఆరిపోతాయి. ఎవరి బట్టలో కాదు, తన బట్టలు. నేను గోడలు తడిమి చూడాలనుకున్నాను, చేతులు వెనక్కి కట్టుకున్నాను. అక్క కిటికీ రెక్క ఒకటి తీసి వేసి, తీసి వేసి చూస్తోంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మండుతున్నామో చెప్పడం కష్టం. మా మధ్య గోడ కట్టాక మొదటిసారి ఆవిడ మనసులో ఏముందో నాకు పూర్తిగా తెలిసింది.

కిందికి దిగి, గేటు దాటి రోడ్డు మీదికొచ్చాక అక్క చెప్పులోంచి రాయి దులుపుకుంది.

"వంటగది మరీ ఇరుకు" అంది.

"అవునక్కా, గాలి కూడా ఆడదు" అన్నాను.

ఆ వంటగదికి రెండు కిటికీలు. మా రెండిళ్ళ వంటగదులూ కలిపినా అంతుండవు.