నేను ముగించేదాకా ఆగండి

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. డిగ్రీ అయ్యాక కూడా పెనుకొండలో ఇంటిపట్టునే ఉండిపోవడానికి అదే కారణం. పోయినేడు హిందూపురంలోని ఒక బట్టల ఫ్యాక్టరీ వాళ్లు సూపర్‌వైజర్ పనికి ఇంటర్వ్యూకు రమ్మన్నారు. సంతోషం కంటే దిగులే ఎక్కువైంది.

ఎలా తయారవ్వాలని ఫోన్‌లో ఏఐని అడిగాను. చాంతాడంత జవాబిచ్చింది. అందులో మొదటి మాట, “తడబడకుండా, ధైర్యంగా మాట్లాడండి.” ఫోన్ పక్కన పడేశాను.

మా అన్న భార్య ధర్మవరంలో పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఆమెకు ఏఐతో రోజూ పని. ఆమెకు చెప్పుకున్నాను.

“ఊరికే అడిగితే అది ఊరికే చెప్తాది,” అంది వదిన. “నా చీర గురించి రాయమంటే చందమామ, వెన్నెల అని ఏందేందో రాసింది. నేను రాసినవి రెండు చూపించి, ఇట్లా రాయి అన్నాక దారికొచ్చింది. నువ్వెవురో, అదెవురో ముందే చెప్పు. నత్తి సంగతి గూడా చెప్పు.”

“దానికి గూడా చెప్పల్లనా?”

“చెప్పకుంటే దానికెట్ల తెలుస్తాది పాపా?”

తలుపేసుకుని, ఫోన్‌లోని ఏఐకి నోటిమాటగానే చెప్పాను. “నువ్వు ఫ్యాక్టరీ మేనేజర్‌వి. నాకు నత్తి. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడుగు. ‘అయిపోయింది’ అనేదాకా మాట్లాడకు. పొగడొద్దు. ఏది అర్థం కాలేదో అది చెప్పు.”

మొదట మధ్యలో దూరింది. మళ్లీ గుర్తుచేశాక ఆగింది. ‘ప’ నాకు మహా కష్టం. ‘పెనుకొండ’ అనేదాకా అది ఎదురుచూసింది. నా మాటను ఎవరూ అందుకుని పూర్తిచేయకపోవడం నాకదే మొదటిసారి.

ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్నే, “మీదే ఊరమ్మా?”

“ప... ప...”

“పుట్టపర్తా?” అన్నాడాయన.

“సార్, నాకు నత్తి. నేను ముగించేదాకా ఆగితే అన్నీ చెప్తాను.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. “సరేమ్మా. తొందరేం లేదు.”

చెప్పాను. ఇద్దరు టైలర్లు గొడవపడితే ఏం చేస్తావంటే అదీ చెప్పాను. బయటికొచ్చేసరికి, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

రైలెక్కి కూర్చోగానే, ఎన్నాళ్ల అలసటో, నిద్రపట్టేసింది. పెనుకొండ దాటిపోయింది. కళ్లు తెరిస్తే ధర్మవరం. వదిన ఇంటికి నడిచాను.

“ఏం పాపా, ఈడికొచ్చినావు?”

“నిద్రపోయినా వదినా. ఉద్యోగం వచ్చింది.”

ఆమె నన్ను లోపలికి లాక్కెళ్లి అన్నం పెట్టింది. అమ్మకు ఆమే ఫోన్ చేసి చెబుతుంటే, నేను రెండోసారి వడ్డించుకున్నాను.