దగ్గిన బోరు

కమలాపురంలో నాకు మోటార్ల అంగడి ఉన్న రోజులవి. వానలు తప్పిన ఏడు మా అక్క మొగుడు చీనీతోటలో, అంటే బత్తాయితోటలో, కొత్త బోరు వేయించి, మోటారు కోసం నా దగ్గరికి వచ్చాడు. అప్పట్లో పొలాలకు త్రీఫేజు కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇచ్చేవాళ్లు. తక్కిన వేళల్లో సింగిల్‌ఫేజు మాత్రం ఉండేది.

"చిన్నదియ్యి బామ్మర్దీ, సింగిల్‌ఫేజుది. నీళ్లు సన్నంగా ఊరుతాండాయి. దినమంతా మెల్లగా తోడుకుంటా," అన్నాడు.

అంగట్లో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నా బావ చిన్న మోటారు అడగడం నాకు తలవంపులుగా తోచింది. మావైపు పైపు నిండా దూకే నీళ్లను బట్టే రైతుకు మర్యాద ఇచ్చేవాళ్లం.

"ఏం బావా, తోటకు పారిస్తావా, పూలకుండీకి పోస్తావా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "సరేలేప్పా, నీ ఇష్టం."

ఆయన చెప్పిందే సరైనదని నాకు తెలుసు. అయినా పెద్ద త్రీఫేజు మోటారు దింపించాను.

మొదటిరోజు నీళ్లు దూకాయి. అక్క టెంకాయ కొట్టింది. కాసేపటికే ధార సన్నబడి, పైపు దగ్గుతూ గాలి కక్కింది. మోటారు ఆపి, మళ్లీ నీళ్లు ఊరేదాకా కాచుకుంటే ఆలోగా కరెంటు పోయేది.

"ముసలోని మాదిరి దగ్గుతాండాది గదప్పా," అన్నాడు బావ.

మార్చేద్దామని అప్పుడైనా అనాల్సింది. "కొత్త బోరు, సర్దుకుంటాదిలే బావా," అన్నాను.

ఎండలు ముదిరాక, నీళ్లు లేకుండా తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది. బాగుచేయించి దింపేలోగా పిందెలన్నీ రాలాయి. కొమ్మలు చివర్లనుంచి ఎండుతూ వచ్చాయి. చివరికి నేనే చిన్న మోటారు బండికి కట్టుకుని పోయాను. గట్టు దగ్గరికి చేరకముందే గొడ్డలి చప్పుడు వినిపించింది. బావ ఎండిన చెట్లు కొట్టేయిస్తున్నాడు.

బావ మోటారు వంక చూశాడు. "ఇంట్లో పూలకుండీలు గూడా లేవు గదప్పా," అన్నాడు. కోపంగా అనలేదు. నీడ లేని ఆ తోటలో నాకు మంచినీళ్ల చెంబు అందించాడు.

అంగడి ఎత్తేసి కర్నూలు వచ్చి చాలాకాలమైంది. ఇక్కడా నీళ్లు ఆగే ముందు కుళాయి దగ్గుతుంది. వెంటనే లేచి కట్టేస్తాను. ఇంకో బిందె వచ్చేదని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నిండినకాడికి బిందె ఎత్తి లోపల పెడతాను.