మూడోసారి అడగలేదు

మా ఆయన యదుల్లా మా ఊరు ఇస్ఫహాన్ నుంచి దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న బందర్ అబ్బాస్‌కి రాత్రి బస్సు నడిపాడు. పెళ్ళయిన నాటి నుంచి మొన్న చలికాలంలో రిటైరయ్యేదాకా అదే పని. లోకమంతా వంటింటి దీపం ఆర్పుకునే వేళకి ఈయన థర్మోస్ చంకలో పెట్టుకుని గుమ్మం దిగేవాడు. నాన్నంటే పగలు పడుకునే మనిషి అని మా అమ్మాయి చాన్నాళ్ళు అనుకునేది. మెల్లగా మాట్లాడండి, తలుపు దడాల్న వెయ్యకండి, నాన్న పడుకున్నారు. నా కాపురమంతా ఈ మాటలతోనే గడిచిపోయింది.

మంచివాడా అంటే మంచివాడే. కోపం లేదు, చెడ్డ అలవాటు లేదు. ఉన్న జబ్బల్లా మర్యాద. మర్యాద మా ఊళ్ళో అందరికీ ఉంటుంది. టాక్సీ దిగి డబ్బులివ్వబోతే "మీ దగ్గరేం తీసుకుంటానండీ, ఉంచండి" అంటాడు డ్రైవరు. నిజమే కాబోలని జేబులో పెట్టుకుని నడిస్తే వెనకనుంచి కేకేస్తాడు. ఎవరేమిచ్చినా మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. మూడోసారి కూడా అడిగితే అది మనసులోంచి వచ్చిన మాట, అప్పుడు సరే అనాలి. పిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. మా ఆయనకి కాస్త ఎక్కువ తెలుసు, అదే నా ఖర్మ. నన్ను చూసుకోవడానికి వచ్చినరోజు మా అమ్మ భోజనానికి రెండుసార్లే లెమ్మందట. అంతే, ఈ మహానుభావుడు ఖాళీ కడుపుతో వెళ్ళిపోయాడు.

ఆయనకి జీవితంలో ఒక్కటే కోరిక ఉండేది. మా పేటలో పాత తాలింఖానా ఒకటి ఉంది, జూర్ఖానా అంటాం. కింద గోతిలో మగవాళ్ళు పెద్ద పెద్ద కర్ర గదలు తిప్పుతుంటారు. పైన అరుగు మీద డోలు ముందు పెట్టుకుని ఒకాయన పాడతాడు. ఆయన్ని మొర్షెద్ అంటారు. ఆయన దరువేస్తేనే గద లేస్తుంది, ఆయన గంట కొడితేనే దిగుతుంది. ఆడవాళ్ళని లోపలికి రానివ్వరు గనక నేను గోడ ఇవతల నుంచి విన్నదే. మా ఆయన మాత్రం చిన్నప్పుడు అక్కడే పెరిగాడు. ఆ తర్వాత సాయంత్రాలన్నీ బస్సు పాలయ్యాయి. దాంతో డోలు బదులు స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేస్తూ ఎడారిలో బందర్ దాకా పాడుకుంటూ పోయేవాడు. నిద్ర చెడగొడుతున్నాడని అలిగిన ప్రయాణికులే తిరుగు ప్రయాణంలో ఇంకోటి పాడమనేవారట. రిటైరయ్యాక ఆ అరుగు ఎక్కి కూర్చోవాలని ఆయన ఆశ. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. నాతోనూ అనలేదు. నాకు తెలుసు, అంతే.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. అది తెలిసిననాడే నా గుండెల్లో రాయి పడింది. రిటైరవడానికి కొద్ది నెలల ముందు ఒక పొద్దున ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూలబడి, "తూబా, ఎదురుగా వచ్చే లారీ దీపాలు రెండు కాస్తా నాలుగు కనిపిస్తున్నాయే" అన్నాడు. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. కంటి లోపలి పొర పాడైందనీ, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదనీ, రాత్రిపూట బండి ముట్టుకోవద్దనీ చెప్పాడు. మా ఆయన కంపెనీలో ఒక్కరికీ చెప్పలేదు. పరువు పోతుందట. ఆ మిగిలిన నెలలు నేనెలా గడిపానో ఎవరికీ అక్కర్లేదు. రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చుని, తెల్లారి వీధి తలుపు చప్పుడైతే అప్పుడు ఊపిరి పీల్చుకునేదాన్ని.

రిటైరైన వారానికే హాజీ సమద్ మా ఇంటికొచ్చాడు. బజారులో టీ కాచే రాగి సమోవార్లు చేస్తాడాయన. జూర్ఖానాకి పెద్ద. గజ్ మిఠాయి పెట్టె తెచ్చి, టీ తాగి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి చివరికి అన్నాడు, "యదుల్లా, మొర్షెద్ పోయి నలభై రోజులు దాటిపోయింది. ఆ డోలు నీ చెయ్యి కోసమే ఎదురుచూస్తోందయ్యా."

నేను వంటింటి గుమ్మం దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన మెడ ఎర్రగా కందిపోయింది. "నేనెక్కడ, ఆ అరుగెక్కడ హాజీగారూ. దాని దుమ్ము దులపడానికి కూడా పనికిరాను" అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకెవరయ్యా? నీ గొంతు ఈ పేటంతా ఎరుగును."

"పెద్దవాళ్ళు ఎంతోమంది ఉండగా నేనా. తప్పండీ."

బాగానే ఉంది, రెండూ అయ్యాయి. ఇంక మూడోసారి అడగాలి. మా ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. హాజీ సమద్ గ్లాసు కింద పెట్టి, "సరే, నీ ఇష్టం. నిన్ను బలవంతం చెయ్యకూడదు" అని లేచాడు. బూట్లు తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర మరో అయిదు నిమిషాలు నువ్వు ముందు, కాదు మీరు ముందు అని ఇద్దరూ మర్యాద చేసుకున్నారు. హాజీ వెళ్ళాక మా ఆయన తలుపు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"రేపొస్తాడులెండి" అన్నాను.

"ఎవరు?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఆ రేపు రాలేదు. మా కొత్త సంవత్సరం పండగ, నౌరూజ్ దగ్గరపడింది. ఊరంతా తివాచీలు కడుగుతోంది, గోడలు తుడుస్తోంది. నేనూ ఇల్లంతా తలకిందులు చేసి పెట్టుకున్నాను. ఆ మధ్యలో ఈయన. కాళ్ళు కాలిన పిల్లిలా గదిలోంచి గదిలోకి తిరుగుతాడు. నేను గదిలో ఉండగానే దీపం ఆర్పుతాడు. నా మసాలా డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. పసుపనుకుని దాల్చినచెక్క పొడి పప్పులో పోసేదాకా నాకు తెలియనే లేదు. "ఇంత సబ్బెందుకు?" అని నా బకెట్‌లోకి తొంగిచూస్తే ఒళ్ళు మండి, "మీరు వెళ్ళి హాజీగారిని అడగరాదూ" అని ముఖం మీదే అనేశాను.

"అడిగి ఎక్కే చోటా అది? పిలిస్తే ఎక్కాలి."

"పిలిచాడుగా."

"రెండుసార్లే పిలిచాడు తూబా" అన్నాడు. అంత దిగాలుగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

తివాచీలు మేడ మీద ఆరేసి దిగివస్తుంటే ముందుగదిలో కెరామత్ గొంతు వినిపించింది. కెరామత్ ఒకప్పుడు మా ఆయన దగ్గర క్లీనరు. ఇప్పుడు సొంత బస్సుంది. ఆ బస్సు డ్రైవరు పండగ సీజన్ ముందు చెప్పా పెట్టకుండా మానేశాడట. నౌరూజ్ సెలవుల్లో ఊరంతా దక్షిణానికే కదా పోయేది, సీట్లన్నీ అమ్ముడైపోయాయట.

"గురువుగారూ, మీరు సరేనంటే చాలు. గురువారం సాయంత్రం బండి నాలుగింటికి బయల్దేరుతుంది. ఇంట్లో కూర్చుంటే తుప్పు పట్టిపోతారు మీరు."

మా ఆయన వద్దన్నాడు. కెరామత్ మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాడు. కెరామత్ మూడోసారీ అడిగాడు, నాలుగోసారీ అడిగాడు. వాడికి నిజంగానే కావాలి. మా ఆయన సరే అన్నాడు.

వాడు వెళ్ళగానే అడిగాను, "కళ్ళ సంగతి?"

"పండగ పదిహేను రోజులేగా. దారి నా చేతులకే తెలుసు."

"బస్సులో పిల్లలుంటారు."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నాకు వీపు చూపిస్తూ, "నన్ను కావాలన్నవాడు వాడొక్కడే" అన్నాడు.

గురువారం దాకా నేను పోట్లాడాను, బతిమాలాను, మాట్లాడటం మానేశాను. ఏదీ పనిచెయ్యలేదు. గురువారం మధ్యాహ్నం ఆయన సంచీ సర్దుకుంటుంటే చాదర్ కప్పుకుని బజారుకి పరుగుపెట్టాను. ఆ డోలు ఆయన చేతికొస్తే బస్సు దానంతటదే పోతుంది. ఇంకో దారి నాకు కనపడలేదు.

హాజీ సమద్ కొట్లో సుత్తి దెబ్బలతో చెవులు గింగిర్లెత్తుతున్నాయి. నన్ను చూసి ఆపాడు. "రా చెల్లెమ్మా, కూర్చో, టీ తాగు."

"వద్దండి."

"ఒక్క గుక్క."

"హాజీగారూ, ఇవాళ మర్యాదలన్నీ ఇంట్లో వదిలేసి వచ్చాను. ఆ మూడోసారి మీరెందుకు అడగలేదు? ఆయన ఇన్నాళ్ళనుంచీ మీ కోసం చూస్తున్నాడు. ఇప్పుడొచ్చి అడగండి. ఇప్పుడే."

ఆయన సుత్తిని ఒడిలో పెట్టుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"చెల్లెమ్మా, ఆ అరుగు మీద మొర్షెద్ కొడుకు కూర్చుంటున్నాడు. నలభయ్యో రోజునే పెద్దలం అనుకున్నాం."

"మరి మా ఇంటికొచ్చి అడిగారే?"

"యదుల్లా ఇన్నేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. మిఠాయి పట్టుకుని వెళ్ళి ఆ ఒక్క మాటా అనకపోతే ఏం బాగుంటుంది? పరువైన మనిషి, ఒప్పుకోడని తెలుసు."

"ఒప్పుకుని ఉంటే?"

ఆయన తలెత్తలేదు. "అందుకేగా రెండుసార్లతో ఆపాను. మూడోసారి అడిగితే నిజమైపోదూ."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద అరిచి వస్తే బాగుండేది, కానీ ఆ ముసలాయన ముఖం చూస్తే నోరు రాలేదు. తనేదో మంచిపని చేశాననే ఇన్నాళ్ళూ అనుకున్నాడు పాపం. ఆయన పోసిన టీ అక్కడే చల్లారిపోయింది.

ఇంటికి వస్తూ దారంతా లెక్కలు వేసుకున్నాను. ఒక చిన్న అబద్ధం ఆడొచ్చు. హాజీగారు పండగయ్యాక వస్తానన్నారు, ఎక్కడికీ వెళ్ళొద్దన్నారు అంటే చాలు, మా ఆయన బస్సెక్కడు. కానీ పండగ అయిపోతుంది. ఆ తర్వాత ఏ పొద్దునో ఆయన జూర్ఖానా గోడ పక్కనుంచి నడుస్తుంటే, లోపలినుంచి మొర్షెద్ కొడుకు గొంతు వినిపిస్తుంది. అప్పుడు హాజీతో పాటు నేను కూడా ఆయన్ని మోసం చేసినట్టే.

ఇంటికి చేరేసరికి మా ఆయన గుమ్మంలో బూట్లు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. కెరామత్ ముందుగదిలో పిస్తా నములుతూ బస్సు తాళాలు వేలి మీద తిప్పుతున్నాడు.

"ఎక్కడికెళ్ళావు?" అన్నాడు మా ఆయన. ఎక్కడికెళ్ళానో ఆయనకి తెలుసు. కళ్ళు నా ముఖంలో వెతుకుతున్నాయి.

"హాజీ మూడోసారి అడగడు" అన్నాను. "ఆ రెండుసార్లూ కూడా మాటవరసకే అడిగాడు. అరుగు ఎప్పుడో మొర్షెద్ కొడుక్కి ఇచ్చేశారు."

చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. తర్వాత నెమ్మదిగా తలూపాడు, తనకి ముందే తెలుసన్నట్టు. కెరామత్ లేచి, "పోనీలే గురువుగారూ, వాళ్ళ డోలు వాళ్ళనే కొట్టుకోమనండి. మీకు నా బస్సుంది. వదినా, నీళ్ళు తెండి, టైమవుతోంది" అన్నాడు.

ప్రయాణమైన మనిషి వెనక గిన్నెడు నీళ్ళు చల్లితే క్షేమంగా తిరిగొస్తాడని మాకు నమ్మకం. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి ప్రయాణానికీ ఆ గుమ్మంలో నీళ్ళు పోశాను. వంటింట్లోకి వెళ్ళి గిన్నె నింపుకుని వచ్చాను.

"లారీ దీపాలు ఎన్ని కనిపిస్తాయో కెరామత్‌కి చెప్పండి" అన్నాను.

మా ఆయన నావైపు చూసిన చూపుకి, ఈ జన్మలో నాతో మాట్లాడడేమో అనిపించింది. "రెండు" అన్నాడు. "లారీకి ఎన్నుంటాయి?"

కెరామత్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో అడగబోయి, గడియారం చూసుకుని మానేశాడు. మా ఆయన నాకు వీపు తిప్పి గుమ్మం దిగి, నీళ్ళ కోసం ఆగాడు. ఎప్పుడూ అక్కడే ఆగుతాడు, చిన్నపిల్లాడిలా, కాళ్ళ వెనక నీళ్ళు పడ్డ చప్పుడు విని గాని కదలడు.

చప్పుడు రాకపోయేసరికి వెనక్కి తిరిగాడు. నేను గిన్నె ఎత్తి ఆ నీళ్ళు తాగుతున్నాను. మొత్తం తాగాను. చాదర్ అంచుతో మూతి తుడుచుకున్నాను. అప్పటికి నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. దాచుకునే ఓపిక లేదు.

"నేను పంపించడం లేదు" అన్నాను. "పోతే పొండి. నేను మాత్రం పంపించలేదు."

సందులో ఎవరింట్లోనో తివాచీ దులుపుతున్న చప్పుడు. మా ఆయన ఖాళీ గిన్నె వైపు చూశాడు. తర్వాత సంచీ భుజం మీంచి దించి మెట్టు మీద పెట్టాడు.

"నాలుగు కనిపిస్తాయిరా కెరామత్" అన్నాడు. "ఒక్కోసారి ఆరు."

కెరామత్ వేలి మీద తాళాలు తిరగడం ఆగిపోయింది. పాపం వాడి ముఖంలో కూడా రక్తం లేదు. ఫోన్ చెవికి పెట్టుకుని ఇంకో డ్రైవరుని వెతుక్కుంటూ గబగబా సందు దాటిపోయాడు.

మా ఆయన మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు. "మరి నేనేం చెయ్యను తూబా, పొద్దున్నే లేచి?" అన్నాడు.

నాకు మాత్రం ఏం తెలుసు. "ముందు ఆ బూట్లు విప్పండి" అన్నాను.