పెరుగన్నంలో గోళీ

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, ఇంట్లో నాకో పని అప్పగించారు. మా బాబాయికి తెలియకుండా ఆయన వేసుకోవాల్సిన మాత్రను పొడి చేసి పెరుగన్నంలో కలపాలి. ఈ ఉపాయం మా నాయనమ్మది. చిన్నపిల్ల చేత్తో తెచ్చిన అన్నాన్ని బాబాయి అనుమానించడని ఆమె ధీమా. రోజూ బడి నుంచి రాగానే గోళీని కాగితంలో మడిచి, చెంబు అడుగుతో నలిపేదాన్ని. గొప్ప పని చేస్తున్నాననే అనుకునేదాన్ని.

బాబాయి అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్తున్న రోజుల్లో, పక్కన ఎవరూ లేకపోయినా ఎవరో తిడుతున్నట్టు వినిపించడం మొదలైంది. ఇక ఆ రోజు నుంచి చిక్కడపల్లిలో మా గల్లీ మొత్తం డాక్టర్లే. చదివి చదివి బుర్ర తిరిగిందని ఒకరు, పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందని ఇంకొకరు. తాయెత్తులు కట్టి కట్టి ఆయన దండచెయ్యి మీద చోటు లేకుండా చేశారు. అసలు డాక్టరు మాత్రం ఒక్కటే చెప్పాడు, రోజూ మాత్ర వేసుకోవాలని. బాబాయేమో “నాకేం రోగమని మింగాలె?” అని మొండికేశాడు. అందుకే ఈ పెరుగన్నం.

ఒకరోజు గిన్నె అడుగున తెల్లటి పలుకులు ఆయన కంటపడ్డాయి. గిన్నె పక్కకు జరిపి లేచిపోయాడు. అప్పటి నుంచి ఇంట్లో మెతుకు ముట్టలేదు. తానే తొక్క వలుచుకున్న అరటిపండు, తానే చింపుకున్న బిస్కెట్ ప్యాకెట్, అంతే. వారంలోనే మనిషి సగమయ్యాడు. సోమవారానికల్లా అన్నం ముట్టకపోతే నలుగురిని పిలిపించి, కట్టేసైనా సరే ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు మా నాన్న. నాయనమ్మ ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఈసారి పప్పుచారులో కలిపి చూద్దామంది! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉండేది. ఆమె తమ్ముడిదీ ఇదే జబ్బు. ఆదివారాలు నారాయణగూడలో ఒక బడి గది అడిగి తీసుకుని, ఇలాంటి ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించేది. ఆమె నెల రోజులుగా పిలుస్తూనే ఉంది. నలుగురికీ తెలిస్తే పరువేం కావాలని నాయనమ్మ తప్పించుకుంటూ వచ్చింది. నాన్న పెట్టిన గడువు రేపనగా ఆ ఆదివారం కదిలింది, అదీ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని.

గదిలో పదిమంది దాకా ఉన్నారు. మీవాడు మాత్ర ఎలా వేసుకుంటున్నాడని టీచరమ్మ అడిగింది. అంతసేపూ ముడుచుకుని కూర్చున్న నాయనమ్మ, ఆవకాయ కొలతలు చెప్పినంత హుషారుగా తన ఉపాయం చెప్పింది. ఇదేం పనమ్మా అని ఒక్కరైనా అనాలా? పెరుగు మంచిదా, సాంబారు మంచిదా అని ఆరాలు మొదలుపెట్టారు. రాంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉప్మా అయితే అసలు తెలియదని సలహా కూడా ఇచ్చాడు. టీచరమ్మ తల పట్టుకుంది. కాసేపటికి లేచి వెళ్లి, పళ్లెం నిండా చాయ్ గ్లాసులతో తిరిగొచ్చింది.

అందరూ గ్లాసులు తీసుకున్నాక మెల్లగా అంది: “వీటిల్ల ఒకదాంట్ల గోళీ పొడి కలిపిన. దేంట్లనో చెప్ప. మీ మంచికే కలిపిన, తాగుండ్రి.”

ఒక్కరూ తాగలేదు. నాయనమ్మ గ్లాసు వాసన చూసి ఠక్కున కింద పెట్టేసింది. “నాకేం రోగమని తాగాలె?” అంది కోపంగా.

“మీ కొడుకు గూడ గదే అంటున్నడు గదమ్మా!”

నాయనమ్మ గ్లాసు తీసి టీచరమ్మ తనే తాగేసింది. దేంట్లోనూ ఏమీ కలపలేదని చెప్పింది. అయినా మిగిలిన గ్లాసులు ఎవరూ ముట్టుకోలేదు. “ఒక్క మాటకే మీకు నా మీద నమ్మకం పాయె. ఆ పిల్లగాడు నెలల సంది తిన్నడు,” అంది. తర్వాత ఆ జబ్బు ఎలాంటిదో, వినిపించే మాటలు వాళ్లకు ఎంత నిజమో ఓపికగా చెప్పింది. మాత్ర చేతిలో పెట్టి అడగాలి, కాదంటే డాక్టరుతో మాట్లాడాలి, దొంగతనంగా మాత్రం కలపొద్దంది.

నారాయణగూడ నుంచి ఇంటిదాకా నాయనమ్మ టీచరమ్మను తిడుతూనే నడిచింది, బంగారం లాంటి చాయ్ దండగ చేసిందని. కానీ సోమవారం పొద్దున్నే పళ్లెంలో అన్నం, వేరే గిన్నెలో మాత్ర పెట్టుకుని బాబాయి గదిలోకి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను.

“గిది బువ్వ, గిది గోళీ. గోళీ మింగుడు నీ ఇష్టం. బువ్వల ఏం కలపలే. ఇన్ని దినాలు కలిపిచ్చింది నేనే. తప్పయింది కొడుకా.”

బాబాయి ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. “నేనే కలిపిన బాబాయ్,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“తెలుసు. నువ్వు జెప్తవేమో అని పది దినాల సంది చూస్తున్న,” అన్నాడు.

ముందు నాకొక ముద్ద పెట్టి, నేను మింగాక పళ్లెం ఖాళీ చేశాడు. మాత్రను మాత్రం కిటికీలోంచి విసిరేశాడు. నాయనమ్మ పళ్లు కొరుకుతూనే ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లింది. నాన్న తాను పిలిపించిన మనుషులను వెనక్కి పంపేశాడు. మూడు వారాలు రోజూ అడగడం, రోజూ కాదనిపించుకోవడం, టీచరమ్మ తోడుగా డాక్టరు దగ్గరికి రెండుసార్లు తిరగడం అయ్యాక గానీ బాబాయి తన చేత్తో మాత్ర వేసుకోలేదు.

ఇప్పుడు నేనూ అలాంటి ఇళ్లవాళ్ల మధ్య కూర్చుంటున్నాను. ఇన్నేళ్లయినా, కొత్తగా వచ్చిన తల్లి ఎవరో ఒకరు నా చెవి దగ్గర చేరి, రుచి తెలియని మందేదైనా ఉందా అని అడుగుతూనే ఉంటుంది. చిర్రెత్తుకొస్తుంది. తిట్టబోయి ఆగిపోతాను, ప్రేమతోనే గోళీ నలిపినదాన్ని కదా నేను. నా సంగతే చెబుతాను. నేనొక్క మాట ముందే చెప్పి ఉంటే, మా బాబాయి పది రోజుల ముందే అన్నం తినేవాడు.