మలుపు వరసా, అప్పగింతల వరసా

మా నాన్నకూ బాబాయికీ ముప్పయ్యేళ్ళుగా ఒకటే గొడవ. గట్టు తగాదా కాదు, ఓటు తగాదా కాదు. గురజాల వైపు నుంచి వచ్చే ఒక బ్యాండు మేళం వాయించే వాటిలో ఏది గొప్పది అన్నదే గొడవ. కొత్తగా విన్నవాళ్ళు వీళ్ళకు వేరే పనేం లేదా అనుకునేవాళ్ళు. పని చాలానే ఉండేది. పని అయ్యాక మిగిలిన టైమంతా దీనికే పోయేది.

బాబాయి అంటే నాన్న తమ్ముడు కాదు. మాచర్లలో మా పక్కింటాయన. నాపరాయి క్వారీలో మేస్త్రిగా చేసేవాడు. తీసిన రాయిని సుత్తితో ఒకసారి తట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేసేవాడు. ఆ రాయిని ఊళ్ళకు చేరవేసే లారీకి మా నాన్న డ్రైవరు. ఆయన ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. తమ చెవులకు మించిన చెవులు లేవని ఇద్దరికీ గట్టి నమ్మకం. అసలు తంటా అక్కడే ఉంది.

సినిమా పాటలు ఏ బ్యాండయినా వాయిస్తుంది. ఈ బ్యాండు మేస్త్రి మాత్రం సొంతంగా రెండు వరసలు కట్టుకున్నాడు. రెండిట్లోనూ మాటలుండవు. పెళ్ళికొడుకు కారు పెళ్ళికూతురి వీధిలోకి తిరిగేటప్పుడు వాయించేదాన్ని మేము మలుపు వరస అనేవాళ్ళం. అప్పటిదాకా నడిచీ నడిచీ నీరసపడ్డ ఊరేగింపు అది వినగానే లేచి నిలబడినట్టుండేది. రెండోది అప్పగింతల వరస. అమ్మాయిని అత్తారింటికి పంపేటప్పుడు డ్రమ్ములన్నీ ఆపేసి, మేస్త్రి ఒక్కడే క్లారినెట్ మీద వాయించేవాడు. నాన్నది మలుపు వరస పార్టీ. బాబాయిది అప్పగింతల పార్టీ.

మా ఇంటి ముందు పెద్ద నాపరాయి బండ ఒకటి వేసి ఉంటుంది. సాయంత్రం అయితే ఇద్దరూ దాని మీదే. ఎక్కడ మొదలుపెట్టినా మాట బ్యాండు దగ్గరికే వచ్చేది.

"డ్రమ్ములు దంచితే ఎవుడికైనా ఊపొచ్చిద్ది రా. అదేం గొప్ప? ఒంటి క్లారినెట్టుతో పెళ్ళి పెళ్ళంతా ఏడిపించాడు చూడు, అదీ పనితనం" అనేవాడు బాబాయి.

"ఏడిపించడానికి క్లారినెట్టెందుకు రా, ఉల్లిగడ్డ చాలు" అనేవాడు నాన్న.

ఉల్లిగడ్డ మాట వస్తే బాబాయి ఒంటికాలి మీద లేచేవాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నీతో మాట్లాడేది ఏంది, నీకు లారీ హారనే సంగీతం" అని ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ బండ మీద ఉండేవాడు. పిలుపు లేని పెళ్ళిళ్ళకు కూడా ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళి, మేళం విని, భోజనం చేయకుండా వచ్చేసేవాళ్ళు. తింటే చెవి మందగిస్తుందట. ఇంటికొచ్చి అమ్మను ఆ వేళప్పుడు అన్నం పెట్టమనేవాళ్ళు. అమ్మ తిట్టుకుంటూనే పెట్టేది. చిన్నప్పటి నుంచీ నేను నాన్న పార్టీ. ఆలోచించి చేరింది కాదు, ఆయన కూతుర్ని కాబట్టి చేరాను.

నా పెళ్ళికి వేరే బ్యాండు మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. కారు తిరిగేటప్పుడు మలుపు వరస వాయించారు, మా ఆడవాళ్ళు పళ్ళెంలో ఎర్రనీళ్ళు తీసుకుని పెళ్ళికొడుక్కి ఎదురెళ్ళారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. అప్పగింతలప్పుడు బ్యాండు మేస్త్రి డ్రమ్ములు ఆపమని సైగ చేశాడు. బాబాయి ముందుకొచ్చి నిలబడ్డాడు. అంతలో నాన్న వెళ్ళి మేస్త్రి చెయ్యి పట్టుకుని, "అది వద్దు. మలుపు వరస వాయించు" అన్నాడు.

"బుద్ధుందా రా నీకు? పిల్లని పంపేటప్పుడు మలుపు వరసేంది?" అని బాబాయి అరిచాడు.

నాన్న వినలేదు. డ్రమ్ములు మోగాయి. వంటల దగ్గరున్న మా మేనత్తలకు ముందు వైపు ఏం జరుగుతోందో తెలియదు. ఆ వరస వినబడితే పెళ్ళికొడుకు వీధిలోకి వచ్చాడన్నదే ఏళ్ళ తరబడి వాళ్ళకు అలవాటు. ఇంకో కారు ఏదో వచ్చిందనుకుని, గబగబా మళ్ళీ ఎర్రనీళ్ళు కలిపి, పళ్ళెంతో పరుగెత్తుకొచ్చారు. వచ్చి చూస్తే నేను వెళ్ళడానికి కారు ఎక్కుతున్నాను. తెచ్చింది వెనక్కి తీసుకెళ్ళకూడదని మా పెద్దత్త నాకే దిష్టి తీసేసింది. ఏడవాల్సిన టైములో అందరం పడీ పడీ నవ్వాం. నేనైతే పొట్ట పట్టుకుని కారెక్కాను. కారు అద్దంలోంచి చూస్తే నాన్న ఒక్కడే నవ్వడం లేదు. షామియానా గుంజకు ఆనుకుని, తల వేరే వైపు తిప్పుకుని ఉన్నాడు. ఆయన పంతం నెగ్గింది కదా, ఇంకా ఆ మొహం ఏమిటని అప్పుడు నాకు కోపం కూడా వచ్చింది.

పెళ్ళయి నేను నరసరావుపేటలో స్థిరపడ్డాక, మాచర్ల పెళ్ళిళ్ళలోకి డీజే డబ్బాలు వచ్చేశాయి. బ్యాండుకు పిలుపులు తగ్గాయి. వీళ్ళ వాదన మాత్రం తగ్గలేదు. నేను ఫోన్ చేస్తే నాన్న నా క్షేమం రెండు ముక్కల్లో కనుక్కుని, ఫోను బాబాయి చేతికిచ్చి, "నువ్వే చెప్పమ్మా వీడికి" అనేవాడు.

పోయిన వేసవిలో నాన్న పోయాడు. పెద్ద బాధేమీ పడలేదు, పొద్దున కాఫీ తాగి మంచం మీద వాలాడు, అంతే. బ్యాండు మేస్త్రికి ఎవరో కబురు చేశారు. ఆయన కూడా ముసలివాడైపోయాడు. నా దగ్గరికొచ్చి, "ఏం వాయించమంటావు తల్లీ?" అని అడిగాడు.

"మలుపు వరస" అన్నాను.

బాబాయి పక్కనే ఉన్నాడు. పెళ్ళి వరస ఇక్కడేందని కసురుతాడనుకున్నాను. కసిరితే బాగుండుననుకున్నాను. "వాడికిష్టమైందే కానీండి" అన్నాడు, అంతే.

మా వాళ్ళలో ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం, వీధి చివర మలుపు దగ్గర ఆగిపోతాం. మేస్త్రి ఆ వరసను నెమ్మది చేయలేదు, దిగులు పూయలేదు. పెళ్ళిలో ఎలా వాయిస్తాడో అలాగే వాయించాడు. నాన్న ఉంటే అదే అడిగేవాడు. డ్రమ్ములు మలుపు తిరిగి, రోడ్డు మీద వెళ్ళే లారీల చప్పుడులో కలిసిపోయేదాకా నిలబడి విన్నాను.

ఆ తర్వాత బాబాయి మా బండ మీదికి రాలేదు. పిన్ని వచ్చి, "నోట్లోంచి మాట ఊడిపడ్డం లేదే అమ్మాయ్. పెడితే తింటన్నాడు, పెట్టకపోతే అడగడు. నాకు చానా భయంగా ఉంది" అంది. నాకూ భయమేసింది. నాన్న పోయిన ఏడుపు ఏడుస్తూనే ఉన్నాను, ఆ మనిషి కూడా ఇలా కళ్ళ ముందే కరిగిపోతాడా అని ఇంకో దిగులు పట్టుకుంది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక బయటికి వస్తే బాబాయి బండ మీద కూర్చుని ఉన్నాడు, తన వైపు చివర్లో. నాన్న కూర్చునే చోటు ఖాళీగా వదిలేశాడు. గారెల ప్లేటు పక్కన పెట్టి, నేను ఆ చోట్లోనే కూర్చున్నాను. ఆయనే నోరు విప్పాడు.

"మీ నాన్నే గెలిచాడమ్మా. మలుపు వరసే గొప్పది. ఆ రోజు విన్నాగా."

ముప్పయ్యేళ్ళుగా నాన్న ఈ మాట కోసమే కాచుకున్నాడు. వింటే వీధంతా చాటింపు వేయించేవాడు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఈయన ఒప్పేసుకుంటే ఇక ఈ బండ మీద మాట్లాడుకోవడానికి ఏముంది? రేపు సాయంత్రం ఎందుకు వస్తాడు?

"అదేం కాదు బాబాయ్. అప్పగింతల వరసే గొప్పది" అన్నాను.

ఆయన తల తిప్పి చూశాడు. "ఏందే? నువ్వు మీ నాన్న పార్టీ కదా."

"అయితే ఏంటి? నా పెళ్ళిలో నాన్న దాన్ని వద్దన్నాడు కదా. బాగాలేక వద్దన్నాడా? అది వింటే ఆ గుంజ దగ్గర నిలబడలేనని వద్దన్నాడు. అంత మనిషిని భయపెట్టిన వరస గొప్పది కాదా?"

ఏదో మాట వరసకు మొదలుపెట్టాను గానీ, అంటుండగానే అది నిజమని నాకే తెలిసింది. అద్దంలో కనబడిన ఆ మొహం మీద ఇన్నేళ్ళూ అనవసరంగా కోపం పెట్టుకున్నాను. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

బాబాయి తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. ప్లేటు తన ముందుకు లాక్కున్నాడు.

"నీకేం తెలుసే పాట సంగతి?" అన్నాడు గొంతు పెంచి. "ఏడిపించడానికి క్లారినెట్టెందుకు, ఉల్లిగడ్డ చాలు."