ఏడో పెట్టెలో పిల్లలు

ఆ వడ్రంగి చేసే గూటి పెట్టెలంటే పిట్టల మీద పరిశోధన చేసే కాలేజీ మేడమ్‌కి గురి. చెట్లకు నలభై పెట్టెలు కట్టించి, పాడే పిట్టలు జంటలుగా చేరాక ఆవిడ గుర్తుకోసం వాటి కాళ్లకు రంగు కడియాలు తొడిగేది. నిచ్చెన వేయడం, పెట్టె మూత తెరవడం అతని పని. ఏడో పెట్టె మగపిట్ట అంటే అతనికి మహా ముచ్చట. ముక్కున పురుగు కరుచుకుని క్షణం తీరిక లేకుండా తిరిగేది.

పెద్ద పిట్టల నుంచీ పిల్లల నుంచీ చుక్క నెత్తురు తీసి, తండ్రెవరో తేల్చే పరీక్షకు పంపితే, ఫలితాలు ఒకరోజు వచ్చాయి.

"ఏడులో ఐదు పిల్లలు కదండీ, మూడు పక్క చెట్టు మగదానివి," అంది మేడమ్ మామూలుగా.

"అదేంటమ్మా, జంట విడవకుండా ఉన్నాయిగా?"

"కాపురం ఒకదానితోనే. పిల్లలు మాత్రం అన్నీ దానివే కానక్కర్లేదు. ఈ పిట్టల్లో ఇది మామూలే."

"మరి ఈ పిచ్చిమాలోకం ఎందుకు మేపుతోంది?"

"దానికేం తెలుసు?"

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగబడింది. ఇంటికొచ్చి ఎనిమిదేళ్ల కూతుర్ని ఎగాదిగా చూశాడు. తనది చప్పిడి ముక్కు. పిల్లది కోటేరేసిన ముక్కు. పై వాటాలో బస్సు డ్రైవరుదీ అలాంటిదే! భార్య కిటికీ పక్కన మిషను కుడుతుంటే, డ్రైవరు మెట్లు దిగుతూ ఏదో అంటాడు, ఆమె పగలబడి నవ్వుతుంది. ఇన్నాళ్లూ చెవికెక్కని ఆ నవ్వు ఇప్పుడు ఒళ్లు మండించింది. మేకులు మరిచానని ఒకసారి, తలనొప్పని ఒకసారి మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఊడిపడేవాడు. ప్రతిసారీ ఆమె ఒంటరిగా కుట్టుకుంటూనే కనిపించేది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

చివరికి అన్నం ముందు నోరు జారాడు. "పిల్లదానికి ఎవరి ముక్కొచ్చిందే?"

ఆమె గరిటె కింద పెట్టింది. "మా నాన్నది. పైనాయన ఈ ఇంటికొచ్చి మూడేళ్లు, పిల్లకి ఎనిమిది. ఆ మాత్రం లెక్క రాలేదా నీకు? పరీక్ష చేయిస్తావా, చేయించు. కాయితం వచ్చేసరికి నేనుండను, అందులో ఏం రాసున్నా సరే."

పదకొండు రోజులు ఆమె కంచం అతని ముందు పెట్టేసి మిషను దగ్గరికి వెళ్లిపోయింది. పన్నెండో రోజు అతను మిషను పక్కన నేలమీద చతికిలబడి, "బుద్ధి గడ్డి తిన్నదే," అన్నాడు.

"ఇంకాస్త తిననీ," అంది దారం తెంపుతూ. ఆ పూట మాత్రం దగ్గర కూర్చుని వడ్డించింది.

పరీక్ష ఊసు అతను మళ్లీ ఎత్తలేదు. అసూయ మాత్రం పూర్తిగా వదల్లేదు. మరుసటేడు డ్రైవరు ఇల్లు మారుతుంటే, అడక్కుండానే వెళ్లి మంచాలు విప్పి, బీరువా భుజాన మోశాడు. అంత ఉత్సాహం చూసి భార్య ముక్కున వేలేసుకుంది.

ఆ వారమే పై వాటాలోకి ఓ సంగీతం మాస్టారు దిగాడు. సామాను ఇంకా రిక్షాలోనే ఉంది. వడ్రంగి ఎదురెళ్లి మొట్టమొదట అడిగిన మాట: "పెళ్లయిందా మాస్టారూ?"